వెనుక నిలిచిన ఆటగాడు

ఈ యేటి సంచికకు ఆటలను గూర్చి యేదైన వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు నన్నడిగినప్పుడు నాకు కొంచెము నవ్వు వచ్చినది. నేను వ్యాయామోపాధ్యాయుడను గాను. లెక్కలును సామాన్యశాస్త్రమును బోధించువాడను. క్రీడోత్సవ దినమున నా పని గడియారము చేతబట్టి పరుగుపందెముల కాలము వ్రాసికొనుటతో సరి. అయినను ఒక ఆటను గూర్చి నాకు చెప్పవలసినది కొంత కలదు. ఆ యాట గోల్ఫు. మన గన్నవరపు పిల్లలలో గోల్ఫుకర్రను ముట్టినవారు ఎందరుందురో తెలియదు; నేనును ముట్టితినే గాని దానితో కొట్టి యెరుగను. ఆటగాండ్ర సంచులు మోయువారితో కలిసి నడచితిని, అంతే. బంతిని కొట్టు నేర్పును గూర్చి చెప్పుటకు నాకధికారము లేదు. కొట్టకుండ నిలిచియుండు నేర్పును గూర్చి మాత్రము కొంత చెప్పగలను. దానికి మొదట బిళ్ళంగోడును గూర్చి చెప్పవలెను.

అది 1991వ సంవత్సరము, సంక్రాంతి సెలవులు. నాకప్పుడు పదునొకండేండ్లు. మా యూరి చివర నూర్పిళ్ళు ముగిసిన కళ్ళమొకటి అలికిన వాకిలివలె చదునుగా, గట్టిగా నుండెడిది. సెలవులలో మాకు అదియే మైదానము. బిళ్ళంగోడును తెలంగాణమువారు చిర్రగోనె యందురు, ఉత్తరాదివారు గిల్లీ దండా యందురు. పేరేదైనను ఆట యొక్కటే. జానెడులోపు పొడవుగల బిళ్ళకు రెండు కొనలును చెక్కి, గోడుతో కొనమీద కొట్టినచో అది పైకెగురును. ఎగిరినదానిని గాలిలోనే మరల కొట్టవలెను. మా బిళ్ళ తుమ్మకొయ్యది. ఎండిన తుమ్మ రాయితో సమానము.

ఆ దినమున కళ్ళముమీద రెండు జట్లుండెను. చిన్నపిల్లలు ముందుగా వచ్చి దూరపు కొనయందు ఆడుచుండిరి. మేము పెద్దవారము ఆలస్యముగా వచ్చి వారి వెనుక గుంట త్రవ్వుకొంటిమి. పొద్దు వాలుచున్నది. వారు కదలరు. మా జట్టులో నొకడు "వారు పోవువరకు ఆగుదము" అనెను. నేను "నా దెబ్బ అంతదూరము పోదులే" అంటిని. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని నా మనవి. అది అబద్ధము కాదు. అంతకుముందు నా దెబ్బ ఎన్నడును అంతదూరము పోయి యుండలేదు. ఆ సాయంకాలము పోయినది. నా జన్మములో నేను కొట్టిన దెబ్బలలో అంత చక్కనిది వేరొకటి లేదు. గోడునకు బిళ్ళ తగిలినట్లే నా చేతికి తెలియలేదు. అది గిరగిర తిరుగుచు పోయినది.

అది పోవుచున్న వైపున మా పిన్ని కుమారుడు, నాకంటె రెండేండ్లు చిన్నవాడు, మాకు వీపు చూపి నిలిచియుండెను. నేను గొంతెత్తి "తమ్ముడూ!" అని అరచితిని. వాడు తిరిగి చూచెను. బిళ్ళ వాని కుడికంటికి తగిలెను.

తరువాతి సంగతులు విస్తరించి చెప్పను. ఆ రాత్రియే వానిని బెజవాడకు తీసికొనిపోయిరి. రెండు శస్త్రచికిత్సలు జరిగెను. కన్ను మిగిలినది గాని చూపు రాలేదు. మా తల్లి గోడును పొయ్యిలో పెట్టెను. మా పిన్ని నన్నొక్క మాటయు ననలేదు. అనియున్నచో నాకు తేలికగా నుండెడిదని ఈనాటికిని తోచును. వాడు చదువుకొనెను, పెండ్లాడెను, ఇప్పుడు ఎరువుల దుకాణము నడుపుకొనుచున్నాడు. ఎవరైన కుడివైపునుండి పలుకరించినచో మెడయంతయు త్రిప్పి చూచును. గ్లాసులో నీరు పోయునప్పుడు చెంబుమూతిని గ్లాసు అంచునకు ఆనించి గాని పోయడు. ఒంటికంటితో దూరము కొలుచుట కష్టమని నేను తరగతిలో పాఠము చెప్పునప్పుడెల్ల ఆ చెంబు నా కన్నుల ముందు కదలును.

అప్పుడు నాకు మిగిలిన యోదార్పు ఒక్కటియే. నేను అరచితిని గదా! హెచ్చరించితిని గదా! ఆ మాటను పట్టుకొని పదేండ్లు వెళ్ళబుచ్చితిని. ఒక వేసవిరాత్రి మేమిద్దరము డాబామీద పండుకొని మాటలాడుకొనుచుండగా వాడు, కోపముతో గాదు, లెక్క సరిచూచువానివలె, ఇట్లనెను: "అన్నయ్యా, నీవు పిలువకపోయినచో నేను తిరిగి చూడకపోదును గదా. అది నా వీపునకు తగిలి పడిపోయియుండును." నేను నిద్రపట్టినట్లు నటించితిని.

ఆ పిమ్మట ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నా చదువు ముగిసినది. ఉద్యోగము దొరకుటకు ముందు, 2002వ సంవత్సరపు వేసవిలో, విశాఖపట్టణమునందు మా మేనమామ యింట కొన్ని దినములుంటిని. మామయ్య చిన్ననాడే కృష్ణాతీరము విడిచిపోయి, అచ్చట గోల్ఫు ఆటగాండ్రకు క్యాడీగా, అనగా కర్రల సంచి మోసి బంతిని కనిపెట్టి యుండువానిగా, జీవనము చేయుచుండెను. మన దేశములో గోల్ఫు క్రొత్తది కాదు. కలకత్తాలో 1829లోనే క్లబ్బు వెలసినది. విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు తన పుట్టుకను 1884వ సంవత్సరమునకు చెప్పుకొనును. దొరలు పోయిరి, ఆట నిలిచినది, దానితోపాటు సంచులు మోయువారును నిలిచిరి.

ఈ యాటను చూడనివారికొరకు రెండు మాటలు. దీని మైదానము మన పాఠశాల మైదానమువంటిది కాదు. నూరెకరములకు పైబడిన పచ్చికనేల. అందు పదునెనిమిది గుంటలు; గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, అనగా నాలుగుంబావు అంగుళములు. ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క దారి. అది నూరు గజములు మొదలుకొని ఐదువందల గజములకు పైగా నుండును. బంతి మన నిమ్మకాయంత. తూకము 46 గ్రాములకు లోపు. చేతిలో పెట్టుకొన్నచో ఆటవస్తువువలెనే యుండును. కాని ఆరితేరినవారు పెద్దకర్రతో కొట్టినచో అది గంటకు 250 కిలోమీటర్లకు మించిన వేగముతో బయలుదేరును. మామూలు ఆటగాడు కొట్టినను సుమారు రెండువందల గజములు పోవును.

క్రికెట్టులో అందరి కన్నులును ఒక్క బంతిమీద నుండును. గోల్ఫులో అట్లు కాదు. ఇద్దరు, ముగ్గురు, నలుగురు చొప్పున జట్లుగా ఏర్పడుదురు. ఒక జట్టు బయలుదేరిన ఎనిమిది పది నిమిషములకు మరియొక జట్టు అదే దారిని బయలుదేరును. దాని వెనుక ఇంకొకటి. కాబట్టి ఉదయమునుండి మైదానమంతయు ముందువారును వెనుకవారును. ముందువారు వెనుకవారికి వీపు చూపి నడచుచుందురు. వారికి వెనుక నేమి జరుగుచున్నదో తెలియదు. వెనుకవారికి సర్వమును కనబడును.

కనబడునని నేనును అనుకొంటిని. మొదటి దినముననే అది తప్పని తేలినది.

ఆనాడు మామయ్య ఉద్యోగము విరమించిన ఇద్దరు పెద్దమనుష్యుల సంచులు మోయుచుండెను. నేను ప్రక్కన నడచుచుంటిని. ఒకచోట దారి మధ్య చిన్న మిట్ట. మిట్ట దాటిన పిమ్మట నేల పల్లమై మరల పైకి లేచును. ముందు జట్టువారు మిట్ట దాటి దిగిపోయిరి. కొంతసేపటికి ఆవలి యెత్తుమీద కనబడిరి. వారు చాలదూరము పోయిరని చూచి, మావారిలో పెద్దాయన బంతి యెదుట నిలిచి కర్ర యెత్తబోయెను. మామయ్య చేయి అడ్డముపెట్టి మెల్లగా, "సార్, నలుగురు దిగినారు, ముగ్గురు ఎక్కినారు" అనెను.

పెద్దాయన కర్ర దించి నవ్వుచు, "ఉన్నను నా దెబ్బ అంతదూరము పోదులే" అనెను.

ఆ మాట విని నా యొడలు ఝల్లుమన్నది. పదునొకండేండ్లనాటి నా మాట అక్షరము పొల్లుపోకుండ అరువదేండ్ల పెద్దమనుష్యుని నోట వచ్చినది. మామయ్య, "పోని దినమున భయము లేదు సార్. పోయిన దినముననే భయము" అనెను. ఆయన మరి మాటలాడక నిలిచెను. నిమిషము గడచెను. అప్పుడు పల్లములోని పొదమాటునుండి నాలుగవ యాతడు వంగివంగి లేచి, దొరకిన బంతిని చేతబట్టుకొని, తొందరతొందరగా తనవారిని కలిసికొనెను. ఆయనకు మా సంగతి ఏమియు తెలియదు. వెనుదిరిగి చూడనైన లేదు. ఆయనను ఒక అంకె కాపాడినదని ఆయన ఎన్నటికిని ఎరుగడు.

నేను లెక్కల ఉపాధ్యాయుడను. కూడికకంటె తేలికైన గణితము లేదు. పోయినవారిని లెక్కపెట్టవలెను, కనబడువారిని లెక్కపెట్టవలెను, రెండును సరిపోయిన పిమ్మట కర్ర యెత్తవలెను. ఇంత చిన్నది నాకు పదునొకండవ యేట ఎవరును చెప్పలేదని సాకు చెప్పుకొనవచ్చును. కాని మా జట్టులోని కుఱ్ఱవాడు ఆగుదమని చెప్పనే చెప్పెను.

ఆ వారములోనే రెండవ సంగతి జరిగినది. మేము ఒక దారిని నడచుచుండగా ప్రక్కదారినుండి "ఫోర్!" అను కేక వినబడెను. ఇది ఆ యాటలోని హెచ్చరిక. "ముందు" అను అర్థముగల యింగ్లీషు మాటకు అది సంక్షేపమని పలువురు చెప్పుదురు. ఎవరి బంతియైన మనుష్యులవైపు పోవుచున్నచో కొట్టినవాడు తక్షణమే ఆ కేక వేయవలెను. కేక విని నేనేమి చేసితినో ఊహింపుడు. మా తమ్ముడు చేసినదియే చేసితిని. ఏమా యని తిరిగితిని. మామయ్య సంచి పడవైచి, ఎడమచేతితో నా మెడ పట్టి క్రిందికి వంచెను. నా గడ్డము ఱొమ్మునకు తగిలెను. బంతి యెచ్చటనో పచ్చికలో దబ్బున పడిన చప్పుడు వినబడెను.

"కేక వినినప్పుడు చూడరాదు, అల్లుడూ" అనెను మామయ్య. "ముఖము దాచుకొనవలెను. రెండు చేతులు తలమీద వేసికొని కూలబడవలెను. ఎక్కడనుండి వచ్చినదో పడిన తరువాత చూచుకొనవచ్చును."

ఆ పిమ్మట మేమిద్దరమును చాలసేపు మాటలాడలేదు. ఆయన నా తల్లికిని మా పిన్నికిని తమ్ముడు. నాకు ఎట్లు మేనమామయో వానికిని అట్లే. ఇద్దరమును ఒక్క బాలుని తలంచుచుంటిమని ఇద్దరకును తెలియును.

ఇంటికి వచ్చి నేను కాగితముమీద లెక్క వేసితిని. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. నూటడెబ్బది మీటర్ల దూరములోనున్న మనుష్యునికి కేక అరసెకనులో చేరును. గోల్ఫుబంతి గాలిలో లేచి అంతదూరము వచ్చి దిగుటకు నాలుగైదు సెకనులు పట్టును. కాబట్టి కొట్టినవాడు వెంటనే అరచినచో విన్నవానికి తలదాచుకొనుటకు మూడున్నర సెకనులైన మిగులును, అది చాలును. అందుచేతనే అరచుటలో సంకోచము తగదు. చాలమంది సిగ్గుచేత అరవరట! తగులదేమో, వృథాగా నవ్వులపాలగుదుమేమో యని రెండు సెకనులు చూచెదరు. ఆ రెండు సెకనులును ఎదుటివాని సొమ్ము. ఇక మా కళ్ళము లెక్క వేరు. దూరము నలుబది అడుగులు వేసినంత. బిళ్ళ చేరుటకు పట్టినది సెకనో, సెకనున్నరయో. నా కేక వానికి తిరుగుటకు కావలసినంత కాలమిచ్చినది. చూచి తప్పుకొనుటకు కావలసినంత ఇయ్యలేదు. అంత దగ్గర దూరమున హెచ్చరిక పనికిరాదు. అచ్చట పనికివచ్చునది ఆగుట యొక్కటే. మా తమ్ముడు డాబామీద చెప్పిన లెక్క సరియైనది. నేను ఆ కాగితము దాచుకొనలేదు గాని ఆ అంకెలు మరచిపోలేదు.

మిగిలిన మర్యాదలను మామయ్య ఒక్కొక్కటిగా చెప్పెను. వానిలో సగము వెనుకవారివి, సగము ముందువారివి. ముందువారు నెమ్మదిగా ఆడుచున్నారని, వారిని తొందరపెట్టుటకై వారి వెనుక పడునట్లు బంతి కొట్టుటకంటె నీచమైన పని ఆ మైదానములో లేదు. అట్లు చేసినవానితో మరునాడు ఎవరును ఆడరట. కాని ముందువారు తమ యిష్టమువచ్చినట్లు కాలహరణము చేయుటయు తగదు. గుంటలో బంతి పడగానే అచ్చటనే నిలిచి లెక్కలు వ్రాసికొనక, ప్రక్కకు తొలగి వ్రాసికొనవలెను. బంతి కనబడకపోయినచో ఊరక వెదకుచుండరాదు. ఆ దినములలో ఐదు నిమిషములు వెదకనిచ్చెడివారు, 2019 నుండి మూడు నిమిషములే. తమ ముందు దారి ఖాళీగా నుండి, వెనుకవారు నిలిచి కనిపెట్టుకొని యున్నచో, ముందువారు ఒక ప్రక్కకు ఒదిగి, చేయి ఊపి, వారిని దాటిపోనియ్యవలెను. ఆ చేయి ఊపువరకు వెనుకవారు కదలరాదు. ఊపిన తరువాత దాటిపోవువారు కృతజ్ఞత చెప్పి త్వరగా పోవలెను. ఇచ్చట నొక చిక్కు కలదు. చేయి ఊపినవారు తాము సురక్షితముగా తొలగితిమని తలంచి ఊపుదురు; బంతి మాత్రము ఊపిన చేతిని ఎరుగదు. అందుచేత, పిలిచినను సరే, మామయ్య తన లెక్క తాను వేసికొనియే సంచి దించెడివాడు.

ఎవరిది భారము అని నేనడిగితిని. ముందువారిదా, వెనుకవారిదా? "చూచుచున్నవానిది" అనెను మామయ్య. "వీపునకు కన్నులున్నచో ఇద్దరకును సగము సగము పంచియుందురు."

ఈ యాటకు వ్రాతపూర్వకమైన నియమములు మొదట ఏర్పడినది 1744లో, స్కాట్లండులోని లీత్ అను చోట. అవి పదుమూడు. తరువాత నేను వానిని చదివినప్పుడు ఒకటి నన్ను ఆశ్చర్యపరచినది. బంతి ఏ మనుష్యునకో, గుఱ్ఱమునకో, కుక్కకో తగిలి ఆగినచో ఏమి చేయవలెనని అందులో నొక నియమము. ఆగినచోటనుండియే మరల కొట్టవలెనని ఆజ్ఞ. అంతే. ఆ మనుష్యునకు ఏమైనదను ప్రశ్న లేదు. మనుష్యుడు, గుఱ్ఱము, కుక్క ఒక్క వరుసలో నిలిచి బంతికి అడ్డములైరి. బంతియొక్క క్షేమమే వారు చూచిరి. నియమములలో మనుష్యునకు చోటు దొరకుటకు చాలకాలము పట్టినది. మర్యాదలను గూర్చిన ప్రత్యేక భాగము తరువాతి పుస్తకములలో చేరినది. 2019లో నియమములను సవరించినప్పుడు ఇతరుల క్షేమమును కనిపెట్టియుండుట ఆటగాని నడవడిలో భాగమని మొదటి నియమముననే చేర్చిరి. మిక్కిలి తప్పుగా నడచిన ఆటగానిని పోటీనుండి తొలగించు అధికారమును కలదు.

న్యాయస్థానములును ఈ సంగతి విచారించినవి. ఇంగ్లాండులో కెంట్ ప్రాంతమున ఒక గోల్ఫు మైదానము రాజమార్గమును ఆనుకొని యుండెను. పదుమూడవ గుంటకై కొట్టిన బంతులు తరచుగా దారిమీద పడుచుండెడివి. ఒకనాడు అట్టి బంతి యొకటి పోవుచున్న టాక్సీ అద్దమును పగులగొట్టగా, దానిని నడుపువాని కన్ను పోయినది. 1922లో న్యాయస్థానము క్లబ్బు బాధ్యత వహింపవలెనని నిర్ణయించెను. బంతులు దారిమీద పడుట అందరికిని తెలిసియుండియు, గుంటను అచ్చటనే యుంచుట తప్పని తీర్పు. ఇది పాతకాలపు మాట అనుకొనరాదు. 2018లో పారిస్ సమీపమున జరిగిన రైడర్ కప్పు పోటీలో, లోకములోకెల్ల ఆరితేరిన ఆటగాండ్రు ఆడుచుండగా, బంతి తగిలి యొక ప్రేక్షకురాలు ఒక కంటి చూపును కోల్పోయెను. ఎంత నేర్పరియైనను బంతి చేయి విడిచిన తరువాత వాని యధీనము కాదు.

గన్నవరపు పిల్లలకు ఈ ధర్మము క్రొత్తగా చెప్పనక్కరలేదని ఒక్కొక్కప్పుడు తోచును. మన విమానాశ్రయము రెండవ ప్రపంచయుద్ధకాలమున పుట్టి 2017లో అంతర్జాతీయ మయినది. దాని విమానములు మన తరగతిగదుల మీదుగా పోవునప్పుడు నేను వాక్యము మధ్య ఆగవలసి వచ్చును. ముందు దిగిన విమానము దారినుండి తొలగువరకు వెనుకదానిని దిగనియ్యరు. ఒక్కొక్కప్పుడు దిగబోయిన విమానము నేలకు చేరువగా వచ్చి, మరల పైకి లేచి, చుట్టు తిరిగి వచ్చును. పిల్లలు దానిని చూచి, నడుపువానికి దారి తప్పినదని నవ్వుదురు. ఆకసములో నున్నవాడు అట్లు ఆగనేర్చినాడు గాని, దానికి కూతవేటు దూరమున జాతీయ రహదారిమీద ముందు లారీ వెనుక హారను మ్రోగించు మోటారుసైకిలువాడు ఇంకను నేర్వలేదు.

ఇక మన మైదానము. సాయంకాలము అచ్చట రెండు మూడు క్రికెట్టు జట్లు ఒక్కసారిగా ఆడును. ఒక జట్టువాని వీపు మరియొక జట్టువాని బ్యాటునకు ఎదురుగా నుండును. పదవ తరగతివారు కొట్టినచో బంతి ఆరవ తరగతివారి నడుమ పడును. వ్యాయామోపాధ్యాయునితో మాటలాడి మేము రెండు కట్టుబాట్లు పెట్టితిమి. మొదటిది, పెద్ద జట్టువాడు ఎవడైన బ్యాటు పట్టుటకు ముందు, తన యెదుట వీపు చూపి నిలిచినవారిని లెక్కపెట్టవలెను. వారు తొలగువరకు బంతి వేయరాదు. రెండవది కేకను గూర్చినది. నేను తెలివితక్కువగా మొదట "ఫోర్" అని అరవుడని నేర్పితిని. మరునాడు మైదానములో ఎవడో ప్రాణము పోవునట్లు "ఫోర్!" అని అరవగా, అందరును నాలుగు పరుగులు వచ్చినవని చప్పట్లు కొట్టిరి! ఆ తరువాత ఆ మాట మార్చి "తల!" అని పెట్టితిమి. "తల!" అని వినబడినచో, ఎవరిదని చూడక, ఏ యాటలో నున్నను, గడ్డము ఱొమ్మునకు ఆనించి, చేతులు తలమీద వేసికొని కూలబడవలెను. మొదటి వారము ఇదొక వేడుకయై, పనిలేనివారుకూడ "తల! తల!" యని అరచి అందరిని కూర్చుండబెట్టిరి. అట్టివారిని నలుగురిని పట్టి వారముదినములు నాతోపాటు గడియారము చూచు పనిమీద పెట్టితిని. వేడుక తగ్గినది, అలవాటు నిలిచినది.

మా తమ్ముని కుమారుడు ఇప్పుడు మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. గత సంవత్సరము క్రీడోత్సవములకు ముందు ఒక సాయంకాలము మా తమ్ముడు వానిని ఇంటికి తీసికొనిపోవుటకై వచ్చి, మైదానపు అంచున వేపచెట్టు క్రింద నా ప్రక్కన నిలిచెను. పిల్లవాడు మా యెదుటనే సంచి సర్దుకొనుచుండెను. అప్పుడు దూరమునుండి "తల!" అని కేక వచ్చినది.

మైదానమంతయు కూలబడినది. పిల్లవాడు సంచి వదలి కూలబడెను. నేనును కూలబడితిని. మా తమ్ముడు ఒక్కడే నిలువునా నిలిచి, మెడయంతయు త్రిప్పి, మిగిలిన కంటితో కేక వచ్చిన దిక్కునకు చూచుచుండెను.

బంతి చెట్టునకు ఆవల ఎవరును లేనిచోట పడినది. నేను లేచుటకు నాకు కొంత కాలము పట్టినది. ఈలోగా పిల్లవాడు తండ్రిదగ్గరకు వచ్చి, "చూడకూడదు నాన్నా, తల వంచవలెను. ఇటు చూడుము" అని, తండ్రి మెడమీద చేయివైచి వంచి, రెండు చేతులను తీసి తలమీద పెట్టెను. వాడు నవ్వుచు, కుమారుడు చెప్పినట్లు వేపచెట్టు క్రింద గొంతుకూర్చుండెను. "ఇట్లేనా?" అని అడిగెను. "ఇంకను క్రిందికి" అనెను పిల్లవాడు.

నేను గడియారము చూచుకొనుచున్నట్లు నటించితిని.